పదకొండో నంబరు

నా చిన్నప్పుడు మా మిద్దె మీద ఒక కొయ్య ఉండేది. అందరూ జెండా కొయ్య అనేవాళ్ళు గానీ దాని మీద ఒక్కనాడూ జెండా ఎగరలేదు. తుపాను రోజుల్లో మాత్రం దానికి నల్లటి గంపలు వేలాడేవి. తాటాకుతో అల్లి, తారు పూసి, మా తాతయ్య తన చేతులతో చేసుకున్న గంపలవి. కొన్నిటికి మొన పైకి ఉండేది, కొన్నిటికి కిందికి. ఒకటి మాత్రం డోలులాగా గుండ్రంగా ఉండేది. మాది మాచర్ల వైపు ఊరు. చేలకు కంచె నాపరాయి, ఇంటికి కప్పు నాపరాయి, కాలి కింద నాపరాయి. సముద్రం మొహం చూసినవాళ్ళు ఊరు మొత్తం మీద నలుగురైదుగురు ఉంటారేమో. అలాంటి ఊళ్ళో ఒక ముసలాయన ఓడలకు పెట్టే గుర్తులు తన మిద్దె మీద పెట్టుకుంటే జనం నవ్వాలి. కానీ ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆ గంపలు పైకి లేచాయంటే పత్తి చేలో ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు.

మా తాతయ్య బందరు ఓడరేవులో ముప్పయ్యేళ్ళు ఖలాసీగా పనిచేశాడు. కరువొచ్చిన ఏడు నాపరాళ్ళ బండి వెంట కృష్ణ ఒడ్డునే కిందికి నడిచి పోయాడట. బండి తిరిగొచ్చింది, ఆయన రాలేదు. అక్కడ రేవు ఆఫీసులో కొయ్య దగ్గర పని దొరికింది. తుపాను కబురు తంతిలో రాగానే పగలైతే గంపలు, పొద్దుగూకితే ఎర్రదీపాలు, తెల్లదీపాలు ఎక్కించాలి. ఒకటో నంబరుతో మొదలు. నంబరు పెరిగిందంటే ప్రమాదం దగ్గరపడ్డట్టు. ఇప్పటికీ వార్తల్లో ఫలానా ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక అంటారే, అదే. పని నుంచి దిగిపోయాక ఊరికొచ్చి, ఒక రేడియో కొనుక్కుని, అందులో బందరుకు ఏ నంబరు చెబితే ఆ నంబరు మా మిద్దె మీద పెట్టేవాడు. అలవాటు పడ్డ చేతులు ఊరుకోవు మరి.

బందరు గురించి ఆయన చెప్పే సంగతులు నేను ఎంతోమంది పిల్లలకు మళ్ళీ చెప్పాను. బందరులో ఓడ ఒడ్డుకు రాదు. మేట వేసి సముద్రం లోతు తక్కువ కావటంతో మైళ్ళ దూరంలో ఆగిపోతుంది, సరుకంతా పడవల్లో చేరవేయాలి. అద్దకం చీరలూ దుప్పట్లూ అక్కణ్ణుంచి ఎక్కడెక్కడి దేశాలకో పోయేవి. పరాసులు, అంటే ఫ్రెంచివాళ్ళు, ఉన్నచోటు పరాసుపేట, వలందావాళ్ళు, అంటే డచ్చివాళ్ళు, ఉన్నచోటు వలందపాలెం. వాళ్ళు పోయి ఎన్నేళ్ళయినా పేర్లు పోలేదు. వలందావాళ్ళ సమాధుల మీద మన గుమ్మం కంటే వెడల్పాటి రాతిపలకలు ఉంటాయనీ, వాటి మీద అక్షరాలు చెక్కి ఉంటాయనీ, వాన పడితే ఆ అక్షరాల్లో నీళ్ళు నిలిచి చదవటానికి మరీ తేలికవుతుందనీ చెప్పేవాడు. మా ఊరి సైకిల్ షాపు సాహెబు మామ మాత్రం, "బందర్ అంటే మా మాటల్లో కోతి. మీ తాత కోతుల కాడ కొలువు చేసిండు" అని నన్ను ఏడిపించేవాడు. ఆ మాట తాతయ్యతో చెబితే, "ఆ మాటకే రేవు అని కూడా అర్థం ఉందని చెప్పు సాహెబుకి. మనం బందరు రేవు అంటన్నాం, అంటే రేవు రేవు అన్నట్టు" అన్నాడు. అందులో నవ్వేదేమీ లేనట్టే చెప్పాడు.

ఆయన తీరే అంత. గొంతు పెంచడు, తగ్గించడు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే, తన తాతల కాలంలో ఒకసారి సముద్రం లేచి బందరు ఊళ్ళోకి వచ్చిందనీ, తెల్లారి చూస్తే వీధులకు వీధులు మనుషులు లేరనీ చెప్పేవాడు. అందుకే నాకు భయం వేసేది. భయపెట్టాలని చెప్పేవాళ్ళ కథలు విని హాయిగా నిద్రపోవచ్చు. ఆయన కథలు విన్నాక మాత్రం అమ్మ కొంగు పట్టుకోకుండా నిద్ర వచ్చేది కాదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది మా వసారా. ఒక మధ్యాహ్నం తాతయ్య నన్ను బోర్లా పడుకోబెట్టి, చెంప నేలకు ఆనించి, వెలుతురుకు ఎదురుగా చూడమన్నాడు. మేం రోజూ తిరిగే నాపరాళ్ళ మీద సన్నటి గీరలు కనపడ్డాయి. వరసగా, ఒకదాని వెనక ఒకటి. "ఏందివి?" అన్నాను. "అలలు. బందరులో నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఇసక మీద ఇట్టాగే ఉంటయ్యి. ఎప్పుడో ఇక్కడ కూడా సముద్రం ఉండి ఉంటది. అది పోయింది, గుర్తు రాయిలో ఉండిపోయింది" అన్నాడు. ఎన్ని లక్షల ఏళ్ళ కిందటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నా మటుకు నాకు అది మొన్న మొన్న పోయినట్టే అనిపించింది. పోయింది మళ్ళీ రాదని ఎవరు చెప్పారు? ఆ తర్వాత చాలాకాలం వసారాలో చెప్పులు లేకుండా నడిస్తే పాదాలకు చల్లగా, తడిగా తగిలినట్టుండేది.

ఇక పక్కింటి అక్క సంగతి. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. ఆమెకు పెళ్ళయి రెండేళ్ళు. మొగుడు నాపరాళ్ళ లారీ మీద డ్రైవరు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. ఇంట్లో అత్తా కోడలూ. అత్త మాట్లాడదు, అక్క ఆపదు. పొద్దున్నే కోళ్ళను తిట్టటంతో మొదలయ్యేది. తర్వాత బర్రె, తర్వాత పొయ్యి, తర్వాత దారిన పోయేవాళ్ళు. తిట్టేవాళ్ళు లేకపోతే పాడేది. తాతయ్య రేడియో చెవికి ఆనించుకుని, "ఈ పిల్ల నోరు మూస్తే గానీ నాకు బెజవాడ వినపడేటట్టు లేదు" అనేవాడు. ఆమె గోడ అవతల్నుంచే, "మీ రేడియో నోరు మూస్తే గానీ నాకు నా నోరు వినపడేటట్టు లేదు తాతా" అనేది. అయినా ఏ కూర వండినా గిన్నెడు మాకు వచ్చేది. నాకు జడలు వేసింది కూడా ఎక్కువ ఆమే.

నాకప్పుడు పదకొండేళ్ళు. కార్తీకమాసం. పత్తి పగిలి చేలన్నీ తెల్లగా ఉన్నాయి. బంగాళాఖాతంలో తుపాను పుట్టిందని రేడియో చెప్పింది. మొదటిరోజు బందరులో మూడో నంబరు, మా మిద్దె మీదా మూడో నంబరు. రెండోరోజు ఏడు. జనం చేలకు పరుగులు పెట్టి ఏరగలిగిన పత్తి ఏరారు. మూడోరోజు పొద్దున నిద్ర లేచేసరికి ఆకాశం మురికి పసుపు రంగులో ఉంది. గాలి లేదు. వేపచెట్టు ఆకు కదలటం లేదు. కాకి ఒక్కటి అరవటం లేదు. తాతయ్య మిద్దె మీద కూచుని రేడియో మరలు తిప్పుతున్నాడు. అందులోంచి ఏమీ రావటం లేదు. కనీసం గరగర కూడా లేదు.

ఆయన చాలాసేపు తిప్పాడు. తర్వాత రేడియో పక్కన పెట్టి లేచి, ఏడో నంబరు గంపలు దించి, నేను ఎప్పుడూ చూడని తీరులో మరో రెండు ఎక్కించాడు. "ఇది ఎన్నోది తాతయ్యా?" అన్నాను. "పదకొండు" అన్నాడు. పది తర్వాత ఇంకోటి ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు. పదో నంబరే ఊళ్ళు ఊడ్చేస్తుందని కదా ఆయన చెప్పింది, ఇక పదకొండు ఏం చేస్తుందో.

అప్పుడు చెప్పాడు. పదకొండంటే పది కంటే పెద్ద తుపాను కాదట. కబురు తెగిపోయిందని అర్థమట. తంతి పలకటం లేదు, తుపాను ఎక్కడుందో మాకు తెలియదు, వస్తుందో పోతుందో చెప్పలేం, మీ జాగ్రత్తలో మీరుండండి అని ఓడలవాళ్ళకు చెప్పటం. తన కొలువులో ఒక్కసారే ఆ గుర్తు ఎక్కించాడట. ఒడ్డున పల్లెల్లో ఉన్నవాళ్ళకు దాని అర్థం తెలియదు. కొత్త గుర్తు చూసి, పాతది దించారు కాబట్టి గండం గడిచిందనుకుని కొందరు వెనక్కి వెళ్ళిపోయారట. "వాళ్ళు మళ్ళీ నాకు కనపడలా" అన్నాడు. అంతే చెప్పాడు. తర్వాత, "నా మోకాళ్ళు లేవట్లేదు. నువ్వు ఇంటింటికీ పో. పదకొండు పెట్టామని చెప్పు. పదకొండంటే తుపాను వచ్చినట్టు కాదు, కబురు తెలవట్లేదు అంతేనని చెప్పు. రెండూ చెప్పాల. ఒకటి చెప్పి రెండోది మర్చిపోతే అసలు పోకపోవటమే మేలు" అన్నాడు.

నేను మర్చిపోలేదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఎన్నో ఏళ్ళు మర్చిపోయాననే నాకు నేను చెప్పుకున్నాను.

మొదటి ఇంట్లో పెద్దమ్మ వాకిట్లోనే ఉంది. "ఎన్నోది పెట్టిండే మీ తాత?" అంది. "పదకొండు" అన్నాను. ఆమె చేతిలో చేట జారిపోయింది. "పదే ఆఖరంటారుగా. దానికి పైది కూడా ఉందా" అని గుండె మీద చెయ్యేసుకుని నన్ను చూసింది. అప్పటి దాకా నన్ను ఎవరూ అలా చూడలేదు. బడిలో వెనక బెంచీ పిల్లను, ఇంట్లో నలుగురిలో మూడోదాన్ని. పెద్ద మనిషి ఒకామె నా నోట్లోంచి ఇంకో మాట ఏం వస్తుందా అని ఊపిరి బిగబట్టి నిలబడింది. రెండో మాట నా నాలుక మీదే ఉంది. దాన్ని మింగేశాను. రెండో ఇంట్లో మెల్లగా, గొంతు తగ్గించి, మా తాతయ్యలాగా చెప్పాను. మూడో ఇంటికి వెళ్ళేసరికి నాకంటే ముందు నా మాట వెళ్ళింది. జనం తాళ్ళూ బరకాలూ పట్టుకుని చేలవైపు పరుగులు తీస్తున్నారు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు కదా, పదకొండే కదా పెట్టింది, అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు చాలా బాగుంది.

చివరిది పక్కింటి అక్క ఇల్లు. అత్త పత్తిచేలోకి పోయింది, అక్క ఒక్కతే ఉంది. నన్ను చూసి, "ఏమే, వీధంతా ఏంది ఆ పరుగులు?" అంది. పదకొండని చెప్పాను. ఆమె మిగతావాళ్ళలా కాదు, అడుగుతుంది. "పదకొండంటే ఏంది? ఏమైద్ది? నీళ్ళు వస్తయ్యా ఏంది?" అంది. సర్దుకోవటానికి నాకు ఇంకా అవకాశం ఉంది. చెప్పెయ్యొచ్చు. కానీ అప్పటికి సగం ఊరిని పరుగులు పెట్టించాను, ఇప్పుడు ఈమెకు అసలు సంగతి చెబితే గోడ మీంచి ఊరంతటికీ వినపడుతుంది. నేను వాళ్ళ వసారా రాళ్ళకేసి చూపించి, "ఒకప్పుడు ఇక్కడ దాకా సముద్రం వచ్చిందంట అక్కా, అవిగో అలలు" అన్నాను. ఆమె వంగి చూసింది. ఆమె మొహంలో నవ్వు పోవటం నా కళ్ళతో చూశాను.

వాళ్ళ వెనక చావిట్లో జొన్నల పాతర ఉండేది. నేలలో గుంత తవ్వి, లోపల చొప్ప పరిచి, జొన్నలు నింపి, పైన నాపరాయి పెట్టి మట్టితో మెత్తేవాళ్ళు. ఏడాది తిండి అందులోనే. నీళ్ళు దిగితే మొత్తం ముక్కిపోతుంది. దాన్ని తెరిచే పద్ధతి ఊళ్ళో అందరికీ తెలుసు. రాయి తీసి పూట సేపు వదిలెయ్యాలి. తర్వాత దీపం దించి చూడాలి. దీపం వెలిగితేనే మనిషి దిగాలి. పాతర ఊపిరి చెడ్డది, మనిషిని చప్పుడు చెయ్యనివ్వదు. అక్కకూ అది తెలుసు. కానీ సముద్రం వస్తున్న రోజున పూట సేపు ఎవరు ఆగుతారు?

నేను తిరిగి మిద్దె ఎక్కాను. చెప్పొచ్చావా అన్నాడు తాతయ్య. చెప్పానన్నాను. ఆయన చేలవైపు పరుగెత్తుతున్న జనాన్ని చూస్తూ, "ఇంత కంగారెందుకు పడతన్నారు వీళ్ళు" అని గొణిగాడు. నేను కొయ్యకేసి చూస్తూ కూచున్నాను. గోడ అవతల అక్క రాయిని గడ్డపారతో జరుపుతున్న చప్పుడు, తర్వాత తట్టలో జొన్నలు పోస్తున్న చప్పుడు వినపడ్డాయి. రాయిని తిట్టింది, తట్టను తిట్టింది, ఊళ్ళో లేని మొగుణ్ణి తిట్టింది. తర్వాత పాట ఎత్తుకుంది. పాట దిగుతూ ఎక్కుతూ వస్తోంది, గుంతలోకి పోయినప్పుడు మూతి కట్టినట్టు, పైకొచ్చినప్పుడు మామూలుగా.

ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. తెలిసింది తాతయ్యకు. ఆయన తల పక్కకు తిప్పి, చెయ్యెత్తి నన్ను కదలొద్దన్నాడు. ఊళ్ళో మనుషులు లేరు, కాకులు లేవు, గాలి లేదు, రేడియో లేదు. నా చెవుల్లో నా రక్తం చప్పుడే వినపడుతోంది. ఆ నల్లటి గంపలు మా నెత్తి మీద కదలకుండా వేలాడుతున్నాయి. తాతయ్య మామూలు గొంతుతోనే, "పక్కింటి పిల్ల నోరేమైంది?" అన్నాడు.

"అలిసిపోయి కూచుందేమో తాతయ్యా" అన్నాను. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. ఆ గోడ అవతల్నుంచి జవాబు రాకపోవటం ఆమె కాపురానికొచ్చాక అదే మొదలు. "గోడ దూకు" అన్నాడు. నేను మిద్దె దిగి గోడ దూకాను. వెనకే ఆయన, లేవలేని మోకాళ్ళతో, మెట్లు దిగి వస్తున్న చప్పుడు వినపడింది.

చావిట్లో రాయి పక్కకు జరిపి ఉంది. జొన్నల కుప్ప, కోళ్ళు చుట్టూ మూగి తింటున్నాయి, అదిలించేవాళ్ళు లేరు. గుంత మూతి నల్లగా ఉంది. పులిసిన వాసన. వంగి అక్కా అన్నాను. నా గొంతు నాదిగా తిరిగి రాలేదు, అడుగునుంచి ఎవరో ముసలిది అన్నట్టు వచ్చింది. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక జొన్నల మీద ఒక చెయ్యి, గాజులు కనపడ్డాయి. నేను కాలు లోపల పెట్టబోయాను. తాతయ్య జడ పట్టుకుని వెనక్కి లాగాడు. చావిట్లో వేలాడుతున్న లాంతరు వెలిగించి తాడుతో దించాడు. సగం కూడా దిగకముందే, ఎవరో నోటితో ఊదినట్టు దీపం ఆరిపోయింది.

నేను వీధిలోకి పరుగెత్తి అరిచాను. చేలకు పోతూ వెనకబడిన బావుల పని మామ ఒకడు దొరికాడు. వచ్చీ రాగానే గుంతలోకి దూకబోయాడు. తాతయ్య కర్ర అడ్డం పెట్టి, "నువ్వు పడితే నిన్ను ఎవడు తీస్తాడు రా. ముందు గాలి" అన్నాడు. అప్పటి ఆయన గొంతు నేను ఎన్నడూ వినలేదు. వేపమండలు విరిచి కట్టగట్టి తాడుకు కట్టి, గుంతలోకి దించి, పైకీ కిందికీ, పైకీ కిందికీ ఆడించారు. నేను బిందెలతో నీళ్ళు తెచ్చి ఆయన చెప్పినచోట చిలకరించాను. ఎంతసేపో తెలియదు. తక్కువే అయ్యుంటుంది. మళ్ళీ దించిన లాంతరు వణికి, నిలబడింది. మామ నడుముకు తాడు కట్టుకుని దిగి ఆమెను చంకలో పట్టుకుని పైకొచ్చాడు. జుట్టు నిండా జొన్నలు. పెదాలు నేరేడుపండు రంగు. వసారా రాళ్ళ మీద పడుకోబెట్టారు. నేను చూపించిన ఆ గీరల మీదే. మామ బోర్లించి వీపు నొక్కుతున్నాడు, తాతయ్య అరికాళ్ళు రుద్దుతున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి, చచ్చిపోతే నేనే చంపాను, నేనే చంపాను అని లోపల అనుకుంటున్నాను. ఆ మాట తప్ప నాకు ఇంకేమీ గుర్తురావటం లేదు.

ఒక దగ్గు వచ్చింది. తర్వాత ఇంకోటి. కళ్ళు తెరిచి చాలాసేపు కప్పుకేసి చూసింది. తర్వాత తల తిప్పి, గాలికంటే సన్నటి గొంతుతో, "కోళ్ళు జొన్నలన్నీ తింటన్నయ్యి, మీకు కళ్ళు లేవా" అంది. తాతయ్య కిందకు కూలబడి మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు.

తుపాను ఎటో పోయింది. మాకు నాలుగు చినుకులు పడ్డాయి. సాయంత్రానికి రచ్చబండ దగ్గర గొడవ మొదలైంది, పచ్చి పత్తి లాక్కొచ్చినవాళ్ళూ, కోడల్ని పోగొట్టుకోబోయిన అత్తా అందరూ తాతయ్య మీద పడ్డారు. పదకొండంటే ఏందో మాకెందుకు చెప్పలేదన్నారు. తాతయ్య నాకేసి ఒక్కసారి చూశాడు. ఆయన చూపు తిప్పుకుని, "తప్పు నాది. రేడియోలో బ్యాటరీలు నీరు కారినయ్యి, చూసుకోలా. పిల్ల చేత పంపాల్సిన కబురు కాదు, పంపినా" అన్నాడు. అవతలివాళ్ళు ఆయన్ను అనరాని మాటలన్నారు. ఊరకే నిలబడి ఆ మాటలన్నీ పడ్డాడు. ఇంటికొచ్చి కొయ్య దింపేశాడు. ఆ తర్వాత మా మిద్దె మీద ఏ నంబరూ ఎక్కలేదు, ఊళ్ళో ఎవరూ ఆయన్ను వాన సంగతి అడగలేదు. నన్ను మాత్రం ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది.

నేను చెప్పలేదు. రేపు చెబుతానన్నది ఎల్లుండయింది, ఎల్లుండి కాస్తా పెళ్ళయింది. తాతయ్య పోయాడు. నాకు పిల్లలు పుట్టారు, వాళ్ళకు పిల్లలు పుట్టారు. ఇప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాను. అక్క పిడుగురాళ్ళలో మనవడి దగ్గర ఉంటుంది. రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తాను. ఎత్తగానే, "బతికే ఉన్నాలేవే, ఏందీ రోజూ పరీక్ష" అంటుంది. ఆ తిట్టు విన్నాకే నా కాఫీ.

పోయిన కార్తీకంలో టీవీ అడుగున మళ్ళీ బందరు ఓడరేవు నంబరు పరిగెత్తింది. ఆ పొద్దున ఫోన్లో నా నోరు దానంతటదే తెరుచుకుంది. అంతా చెప్పేశాను. తాతయ్య రెండు మాటలు చెప్పమన్నాడనీ, ఒకటి కావాలనే మింగాననీ, ఆ అలల మాట అన్నది భయపెట్టటానికేననీ. చెప్పి ఆగాను. అవతల ఏమీ లేదు. ఫోన్ కట్ కాలేదు, అంకెలు నడుస్తూనే ఉన్నాయి. ఆ గుంత మూతి మీద వంగి నిలబడ్డట్టే ఉంది నాకు. అక్కా, అక్కా అని పిలిచాను.

"వినపడతందిలే" అంది చివరికి. "తెలుసులేవే నాకు. ఆ వారంలోనే మీ తాత వచ్చి చెప్పిండు. మా మనవరాలు సగం చెప్పి సగం మింగింది, నీకు ఇట్టా అయింది, నా మొహం చూసి దాన్ని ఏమీ అనమాకు, అడగమాకు, అదే వచ్చి చెప్పుద్ది, రెండ్రోజులు చూడు అన్నాడు." మళ్ళీ తనే, "రెండ్రోజులన్నాడు ముసలాయన. నేను చూస్తానే ఉన్నా" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. పోయేదాకా తాతయ్య సాయంత్రం పూట నన్ను పక్కన కూచోబెట్టుకుని, ఇంకేందమ్మా సంగతులు అనేవాడు. నేను బడి సంగతులూ, స్నేహితురాళ్ళ తగాదాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. అన్నీ విని, ఇంకేం లేవా అనేవాడు. లేవనేదాన్ని. సరేనమ్మా అనేవాడు. ఊరందరి ముందూ నా తప్పు మీదేసుకున్న మనిషి, దాన్ని నా నోటి నుంచి వినటానికి అలా ఎన్ని సాయంత్రాలు కూచున్నాడో ఆ రోజు గానీ నాకు తెలిసిరాలేదు.

ఆయన ఓపిక నాకు రాలేదు. మా మనవరాలు బడి నుంచి వచ్చి ఏదో చెప్పబోయి సగంలో మాట మార్చినప్పుడు నేనూ ఊరుకుని చూద్దామనుకుంటాను, కానీ నాకు భయం. ఎన్నేళ్ళు పడుతుందో, అప్పటికి నేనుంటానో లేదో. అందుకని దాన్ని పక్కన కూచోబెట్టుకుని ముందు నాది చెప్పేస్తాను, పదకొండేళ్ళప్పుడు నేను మింగిన మాట సంగతి. అది నా మొహంకేసి ఒకసారి చూసి, తలొంచుకుని, మెల్లగా తనది మొదలుపెడుతుంది.